విజిల్ వేస్తేగానీ ఆగని చదువు

మొన్నామధ్య బేగంబజార్‌లో ఒక సందు మలుపు తిరిగానో లేదో, కొత్త చింతపండు వాసన వచ్చి నా ముక్కు పట్టుకుంది. ముక్కుతోపాటు దాని వెనకాల వేలాడుతున్న ఈ యాభై ఏళ్ల మనిషిని కూడా, పట్టపగలు, తోపుడుబళ్లవాళ్లూ స్కూటర్లవాళ్లూ మూటలు మోసే హమాలీలూ నోరెళ్లబెట్టి చూస్తుండగా, మూసీ దాటించి, చార్మినార్ చుట్టూ ఒక ప్రదక్షిణ చేయించి, లాల్‌దర్వాజాలోని మా పాత వాకిట్లో కూలేసింది. కొంచెం పెంచి చెబుతున్నానని మీకు అనిపించొచ్చు. కొత్త చింతపండు వాసన తెలియనివాళ్లకు అలాగే అనిపిస్తుంది. అందులో సగం పులుపు, సగం బెల్లం, పైన ఎండలో కాగిన గోనెసంచి, అడుగున ఎక్కడో వాన పడబోయే మట్టి. ఆ వాసన తగిలితే అందరికీ నోట్లో నీళ్లూరతాయి. నాకు మాత్రం చెవుల్లో బస్సు కండక్టరు విజిల్ మోగుతుంది.

నేను బజారుకు వెళ్లిందే గింజ ఉన్న చింతపండు కోసం. అంతకు ముందు రోజు మా అమ్మాయి సహస్ర చదివే బడినుంచి పిలుపు వచ్చింది. సహస్ర తొమ్మిదో తరగతి. చదవమంటే తెలుగైనా ఇంగ్లీషైనా నీళ్లు వదిలిన నల్లాలా చదువుతుంది. అందుకని ఏదో బహుమతి ఇవ్వడానికే పిలిచారనుకుని నేను పట్టుచీర కట్టుకుని వెళ్లాను. అక్కడ కౌన్సెలర్ అనే ఒక చిన్నపిల్ల, నా కళ్లకు చిన్నపిల్లే, నన్ను మెత్తటి కుర్చీలో కూర్చోబెట్టి అంతకంటే మెత్తగా చెప్పింది. "మేడమ్, పాప చాలా బాగా చదువుతుంది. కానీ పేజీ అయిపోయాక ఏం చదివావంటే చెప్పలేకపోతోంది. చదివింది మనసులో పట్టి ఉంచుకోవడం, అర్థం కానిచోట ఆగడం, తప్పు దారిలో పోతున్నానని తెలిసి దారి మార్చుకోవడం, వీటిని ఎగ్జిక్యూటివ్ ఫంక్షన్స్ అంటాం. ఈ వయసులో అవి ఇంకా ఎదుగుతూ ఉంటాయి. కొంచెం సాయం కావాలి, అంతే."

నాకు తెలిసిన ఎగ్జిక్యూటివ్ ఒక్క ఇంజినీరే. ఆయన మా వీధిలో మోరీ పగిలినప్పుడు వచ్చి, చూసి, వెళ్లిపోయేవాడు. అయినా ఆ పిల్ల చెప్పేది వింటూ కుర్చీ అంచుకు జరిగాను. ఇది నా జబ్బు! అచ్చం నా జబ్బే! నలభై ఏళ్ల క్రితం లాల్‌దర్వాజాలో నాకు వచ్చి, చింతగింజలతోనూ ఒక విజిల్‌తోనూ ఒక మేకతోనూ నయమైన జబ్బు, దారి వెతుక్కుంటూ వచ్చి నా కూతురి తలలో కాపురం పెట్టింది.

మా ఇల్లంటే ఇల్లు కాదు, ఒక వాకిలి చుట్టూ మూడు అద్దె వాటాలు. ఒక దాంట్లో మేము: సిటీ బస్సు కండక్టరైన బాపు, అమ్మ, బాపు వాళ్లమ్మ అయిన మా నాయనమ్మ, నేను, నాకంటే ఒక్క తరగతి వెనక ఉన్న తమ్ముడు సత్తి. రెండో వాటాలో జైనబ్ ఖాలా, ఆమె పాన్‌దాన్, బక్రీద్ కోసం పెంచుతున్న సుల్తాన్ అనే మేక. మూడో దాంట్లో మరియమ్మ, అఫ్జల్‌గంజ్‌లో పాత కాగితాల దుకాణంలో పనిచేసే ఆమె భర్త. ఆ వాకిట్లో పండగ లేని నెల ఉండేది కాదు. ఆషాఢంలో బోనాలకు వేపకొమ్మల చేదువాసన, పసుపు నీళ్లు, పోతరాజు కొరడా చప్పుడుకు పెరుగన్నం కుండ వెనక దాక్కున్న సత్తి. రంజాన్‌కు ఖాలా ఇంటినుంచి షీర్ ఖుర్మా గిన్నెలు, అందులో ఖర్జూరం ముక్క ఎవరి గిన్నెలో ఎక్కువుందో అని మా ఇద్దరికీ జరిగే యుద్ధం. క్రిస్మస్‌కు మరియమ్మ నూనెలో ముంచి తీసే గులాబీ పువ్వులు, ఎంత కరకరమనేవంటే ఒకటి కొరికితే గుడిదగ్గరి పావురాలు లేచిపోయేవి.

సంక్రాంతి దాటాక మాత్రం వాకిలి మొత్తం చింతపండుదే. బేగంబజార్ సేటు బస్తాలు పంపేవాడు. ఆడవాళ్లు చాప పరుచుకుని, పెంకు ఒలిచి, పీచు లాగి, చిన్న సుత్తెతో కొట్టి గింజ తీసేవాళ్లు. చేతులు మోచేతిదాకా పులిసిపోయేవి. ముక్కు దురదపెడితే భుజంతో గోక్కోవలసిందే. గింజలు కుప్పలు కుప్పలుగా పడి, ఎండకు మెరుస్తూ, మా అష్టాచెమ్మ ఆటకు ఏడాదికి సరిపడా సరంజామా అయ్యేవి. ఒక పక్క అరగదీసి తెల్లగా చేసిన గింజల్ని నేను రాళ్లకు బదులు జేబులో పోసుకుని తిరిగేదాన్ని.

ఆ చేతులకు పని, చెవులకు మాత్రం నేను. మరియమ్మ భర్త దుకాణంలో తూకానికి వచ్చిన పాత వారపత్రికల్ని తెచ్చేవాడు. ఊరంతా చదివి, ఏడ్చి, మరిచిపోయిన సీరియళ్లు మా వాకిటికి ఏడాది ఆలస్యంగా, పాత చింతకాయ పచ్చడిలా బాగా ఊరి వచ్చేవి. మరియమ్మ వాటిలో సీరియల్ కాగితాలు చింపి, వరసగా పేర్చి, దబ్బనంతో కుట్టి పుస్తకం చేసేది. మధ్యాహ్నం నేను బడినుంచి రాగానే చదివి వినిపించాలి. కూలి ఒక చింతపండు ముద్ద, ఉప్పూ కారం అద్ది, పుల్లకు గుచ్చి.

నా చదువు గురించి చెప్పాలి. అచ్చులో ఉన్నది ఏదైనా సరే నా కంట పడితే నోట్లోంచి వెళ్లిపోవలసిందే. అగ్గిపెట్టె, క్యాలెండరు, దగ్గుమందు సీసా మీది చిన్న అక్షరాలు, ఏదీ వదిలేదాన్ని కాదు. కామా అంటే ఏమిటో నాకు తెలియదు. ఫుల్‌స్టాపును దూకేదాన్ని. బడిలో ప్రార్థన దగ్గర వార్తలు చదివితే నాలుగు వార్తలు ఒకటై, మంత్రిగారు వరదల్లో కొట్టుకుపోయి క్రికెట్‌లో గెలిచేవారు. అందరూ చప్పట్లు కొట్టేవాళ్లు. వీధిలోవాళ్లు నన్ను చూపించి తమ పిల్లల్ని తన్నేవాళ్లు.

అలాంటి నేను ఏడో తరగతి అర్ధసంవత్సర పరీక్షలో తెలుగు తప్పాను. పద్యాలు కంఠతా వచ్చినవే. తప్పింది అపరిచిత గద్యం. ఒక పేరా ఇచ్చి, కింద ప్రశ్నలు అడుగుతారు. ఎద్దును అమ్ముకున్న రైతు కథ ఇచ్చి, రైతు ఎందుకు ఏడ్చాడు అని అడిగారు. నేను "రైతు దేశానికి వెన్నెముక" అని రాశాను. పేరా మాత్రం అందరికంటే ముందు చదివేశాను. రైతు ఏడ్చినట్టు నాకు అసలు తెలియదు.

ఆ కాగితం ఇంటికి వచ్చిననాడు వాకిట్లో సుత్తెల చప్పుడు ఆగిపోయింది. ఇంత చదివే పిల్ల తప్పడమేమిటి? ఇది మనిషి పని కాదు, దిష్టి అని తేల్చారు. నాయనమ్మ ఎండుమిరపకాయలు ఉప్పుతో తిప్పి పొయ్యిలో వేసింది. ఖాలా నీళ్ల గిన్నెలో దువా చదివి ఊది తాగించింది. మరియమ్మ నా నెత్తిమీద చెయ్యిపెట్టి ప్రార్థన చేసింది. మూడు మతాలు కలిసి నామీద పనిచేశాయి. పేరాలో ఏముందని నన్ను అడుగుదామని మాత్రం ఎవరికీ తట్టలేదు.

బాపు డ్యూటీనుంచి వచ్చి, టోపీ తీసి, మెడలో విజిల్ అలాగే ఉండగా తీర్పు చెప్పాడు. "గీ సాలు పెద్ద పరీక్షల గిట్ల ఫెయిలైతే, సుజ్జీ, వచ్చే సాలు సత్తిగాని బెంచి మీదనే కూసుంటవ్. నేనేం మాట్లాడ."

తమ్ముడితో ఒకే బెంచి! ఆ పిల్లవాడి జేబులో ఎప్పుడూ ఒక బల్లి తోక ఉండేది. సత్తి ఆ సాయంత్రమే బడికి పరుగెత్తి, వచ్చే ఏడాది కోసం అక్కకు బెంచి చివర మేకు లేచినచోటు రిజర్వు చేసి వచ్చాడు. "అక్కా, ఫికర్ జెయ్యకు. పరీక్షల నేను చూపిస్త గదా," అన్నాడు. ఆ మాట విని నేను ఏడ్చిన ఏడుపుకు రైతు ఏడుపు ఏపాటి!

సరిగ్గా ఆ రోజుల్లోనే మరియమ్మ రెండు సీరియళ్లు ఒకేసారి పేర్చింది. మొదటిది ఏడుపు సీరియల్. సావిత్రి అనే కోడలు, ఆమెను కాల్చుకుతినే అత్త, తాగొచ్చి వీధి తలుపు గొళ్లెం విరగ్గొట్టిన మామ. ఆ రోజునుంచి వాళ్లు తలుపుకు రోకలి అడ్డంపెట్టి పడుకునేవాళ్లు. ఇది నాయనమ్మ సొత్తు. రెండోది హత్య సీరియల్. మాలతి అనే ఇల్లాలు తన ఇంట్లోనే హత్యకు గురవుతుంది. దొంగ కిటికీలోంచి వచ్చి చంపాడని ఇన్‌స్పెక్టర్ అంటాడు. ఆమె భర్త ప్రభాకర్ డాక్టరు, షుగరు మనిషి. రాత్రిపూట అన్నం ముట్టడు, రెండు పుల్కాలు తిని లేస్తాడు. ఆ పుల్కాల దగ్గర నాయనమ్మ సుత్తె ఎత్తి మరీ వెక్కిరించింది. "రాత్రి బువ్వ తినని మొగోడు ఏం మొగోడే! గాలొస్తే లేసిపోతడు." హత్య సీరియల్ ఖాలా సొత్తు. ఆమె తెలుగు మూరెడే మాట్లాడినా, శవం అన్నమాట ఏ భాషలో ఉన్నా పసిగట్టేది.

రెండు సీరియళ్ల మొదటి భాగాలు కుట్టి, చదివి, అయిపోయాయి. మిగతా కాగితాలు రెండు కుప్పలుగా మంచం మీద రాళ్లు పెట్టి ఉంచి మరియమ్మ దబ్బనం కోసం లోపలికి వెళ్లింది. వచ్చేసరికి కుప్పలు రెండూ చక్కగా అంచులు కలిసి కూర్చున్నాయి. కుట్టేసింది. మరునాడు నేను చదవడం మొదలుపెట్టాను.

ఆ మధ్యాహ్నం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. ఎండ వాకిట్లో సగం దాకా వచ్చి ఆగింది. సుల్తాన్ తాడు సాగదీసుకుని చింతపెంకులు వాసన చూస్తున్నాడు. ఖాలా పాన్ బుగ్గన పెట్టుకుని, శవం దగ్గరికి ఎప్పుడు వస్తుందా అని మెడ సాచింది. నేను నల్లా విప్పాను. ఇన్‌స్పెక్టర్ మాలతి శవం పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు, టార్చిలైటు వేశాడు, రక్తపు మరక చూశాడు, పేజీ తిప్పాను, అత్తగారి కాళ్లు ఒత్తడం మొదలుపెట్టాను. నేను కాదు, ఇన్‌స్పెక్టరే. ఆముదం రాసి మరీ ఒత్తాడు. తర్వాత శవం లేచి పేడనీళ్లు చల్లి, ముగ్గేసి, మొగుడికి కాఫీ కలిపింది. మొగుడు కాఫీ తాగి, వేలిముద్రల కోసం కప్పును రుమాల్లో చుట్టాడు. నేను ఊపిరి కూడా తీసుకోలేదు. ఇంకో మూడు పేజీలు పోయాక తెలిసింది, వాకిట్లో సుత్తె చప్పుడు లేదని.

తలెత్తాను. ఆడవాళ్లందరూ నావైపు, దయ్యం పట్టినదాన్ని చూసినట్టు చూస్తున్నారు. ఖాలా బుగ్గలోని పాన్ బుగ్గలోనే ఆగిపోయింది.

"ఏందే పోరీ," అంది నాయనమ్మ. "పోలీసాయన అత్త కాళ్లు పిసుకుడేంది?"

"ఇల్లరికం వచ్చిండేమో అమ్మా," అంది మరియమ్మ, ఎవర్నీ తప్పుపట్టడం ఇష్టంలేక.

"అరే, ముర్దా ఉఠ్‌కే కాఫీ పెట్టింది గదా! చచ్చినామె!" అని ఖాలా గుండె బాదుకుంది. "బేటీ, నువ్వే చదివినవ్. నీకు డర్ కాలేదా?"

నేను ఇటూ అటూ చూశాను. నాకు భయం వేయకపోవడానికి కారణం ఒక్కటే. అందుకే అడిగాను: "ఎవరు చచ్చిండ్రు?"

ఆ ప్రశ్నతో వాకిట్లో పడిన పిడుగు మామూలు పిడుగు కాదు. వాళ్లకు పడ్డది ఒకటి, నాకు పడ్డది ఇంకొకటి. రోజుల తరబడి ఒకావిడ హత్య గురించి నా సొంత నోటితో చదువుతున్నాను. ఆమె చచ్చిందని నాకు తెలియదు! అక్షరాలు కళ్లలోంచి దిగి నోట్లోంచి పోతున్నాయి. మధ్యలో మెదడు అనే స్టాపు ఒకటుందని, అక్కడ బండి ఆపాలని నాకు ఎవరూ చెప్పలేదు. చదువుల సరస్వతిననుకున్నదాన్ని, రేడియోకంటే ఒక మెట్టు కింద ఉన్నానని తెలిసేసరికి పుల్లకు గుచ్చిన చింతపండు కూడా చేదుగా అనిపించింది. రైతు ఎందుకు ఏడ్చాడో నాకు తెలియకపోవడంలో వింతేముంది?

అదే సమయంలో సత్తి, అన్నం తినకుండానే ఆడుకోవడానికి వెళ్లబోయాడు. ఆ పిల్లవాడు అన్నం మానేశాడంటే నేరం చేశాడని అర్థం. మరియమ్మ చెవి పట్టుకోగానే అంతా కక్కాడు. సుల్తాన్ తాడు తెంపుకొచ్చి మంచమెక్కి కాగితాలన్నీ చిందరవందర చేస్తే, వీడు మంచివాడనిపించుకోవాలని అన్నీ ఏరి, ఒకే కట్ట చేసి, అన్నదమ్ముల ఆస్తిలా సగం సగం పంచి, మళ్లీ రాళ్లు పెట్టాడట. పేజీ నంబర్లు చూసి విడదీద్దామంటే, వారం వారం పత్రికలో నంబర్లు మళ్లీ మొదటికే వస్తాయి. మంచిపని చేసి ఇంత నాశనం చేసిన మనిషిని నేను అంతవరకు చూడలేదు, తర్వాత చాలామందిని చూశాను.

కుట్లు విప్పారు. కాని వేరు చేసేదెవరు? నాయనమ్మకూ అమ్మకూ అక్షరం రాదు. ఖాలాకు ఉర్దూ తప్ప రాదు. మరియమ్మ చదువుతుంది కాని, ఒక వాక్యం చదివి, దేవుణ్ని తలుచుకుని, రెండోది మొదలుపెట్టే మనిషి. అందరి చేతులూ పులుపు. ఇక మిగిలింది ఎవరు? ఎవరు చచ్చారో తెలియని నేను.

ఆ సాయంత్రం బాపు జరిగిందంతా విన్నాడు. తర్వాత మెడలోంచి పాత ఇత్తడి విజిల్ తీసి నాయనమ్మ ఒళ్లో వేశాడు. "అమ్మా, దీని నోటికి బ్రేకుల్లేవు. నీకు సమజ్ కానప్పుడల్లా ఒకటి గొట్టు, ఆగాలె. ఎవరెక్కిండ్రు, ఎవరు దిగిండ్రు చెప్పాలె. చెప్తే రెండు గొట్టు, పోవాలె."

అలా మొదలైంది. నాయనమ్మ విజిల్‌ను జీవితకాలం దాచుకున్న కోరికలా నోట్లో పెట్టుకుంది. ఒకటి కొట్టేది. నేను ఆగేదాన్ని కాదు. నిండు బస్సు దిగుడులో పోయినట్టు ఇంకో మూడు లైన్లు పోయి అప్పుడు ఆగేదాన్ని. "స్టాపు దాటినంక ఆపితే ప్యాసింజర్లు తిడ్తరు బిడ్డా," అనేవాడు బాపు. ఎవరున్నారు చెప్పమంటే చెప్పడానికి నాకు గుర్తుండేది కాదు. అందుకని జేబులోని గింజలు తీసి నేలమీద పెట్టడం మొదలుపెట్టాను. ఎడమపక్క సావిత్రి ఇల్లు, కుడిపక్క మాలతి ఇల్లు. మనిషి వస్తే గింజ, పోతే తీసెయ్యాలి. బతికున్నవాళ్లకు తెల్లపక్క పైకి. మాలతి ఒక్కతే నల్లగా పడి ఉండేది. కాగితం చేతికి రాగానే, ఇది ఏ ఇల్లు? ఎవరున్నారు? పొరపాటున హత్య కాగితం అత్తింట్లో పెట్టబోతే ఖాలా "నక్కో బేటీ, నక్కో, అక్కడొద్దు!" అని అరిచేది. నాయనమ్మ విజిల్ ఎంత కొట్టిందంటే, సందు చివర రిక్షాలు ఆగిపోయేవి. ఒకాయన వచ్చి ఇక్కడ బస్టాపు ఎప్పుడు పడిందని అడిగాడు కూడా. రాత్రి పడుకుంటే నా తల వేడిగా ఉండేది. జ్వరమేమోనని అమ్మ చెయ్యిపెట్టి చూసేది. జ్వరం కాదు. లోపల ఎవరో మొదటిసారి పొయ్యి వెలిగించారు.

చివరికి ఒక్క కాగితం మిగిలింది. దానిమీద పేర్లు లేవు. నేను చదివాను: "ఆమె గొళ్లెం తీసి తలుపు తెరిచింది. ఎదుట నిలబడిన మనిషిని చూసి నవ్వింది. 'ఇంత ఆలస్యమా? అన్నం చల్లారిపోయింది' అంటూ లోపలికి దారి ఇచ్చింది."

"నాది!" అంది నాయనమ్మ. "నా సావిత్రే. మొగుని కోసం గట్ల ఎదురు చూసేది నా కోడలే."

"నైనై, నా మాలతి," అంది ఖాలా.

"నీ మాలతి చచ్చిపాయె గదనే!"

"చచ్చే ముందు తలుపు తియ్యలేదా?"

ఇద్దరూ గింజల మీదుగా వంగి, పులుపు చేతులు ఒకరి మొహం ముందు ఒకరు తిప్పుకుంటున్నారు. మరియమ్మ ఇద్దరికీ మధ్య ప్రార్థనలో ఉంది. నాయనమ్మ కోపంలో విజిల్ రెండుసార్లు కొట్టింది, పో అని. నేను కాగితం ఎత్తాను. మొదటి వాక్యం చదివాను. ఆగిపోయాను.

ఎవరూ విజిల్ కొట్టలేదు. నేనే ఆగాను. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, అక్షరాలు ముందుకు లాగుతుంటే కాళ్లు తన్నిపెట్టి ఆగాను.

"నాయనమ్మా," అన్నాను. "సావిత్రి ఇంటి తలుపుకు గొళ్లెం లేదు. మామ ఇరగ్గొట్టిండు గదా. రోకలి అడ్డం పెడ్తరు."

నాయనమ్మ నోట్లోంచి విజిల్ జారింది. ఆ తర్వాత వచ్చింది అసలు పిడుగు. ఇది మాలతి తలుపైతే, మాలతే గొళ్లెం తీసింది. నవ్వుతూ తీసింది. అంటే దొంగ కిటికీలోంచి రాలేదు. అన్నం పెట్టి ఎదురుచూసే మనిషే లోపలికి వచ్చి...

"యా అల్లా!" అంది ఖాలా. "మొగుడే!"

వాకిలి వాకిలంతా దద్దరిల్లింది. సుత్తెలు గాల్లో ఉన్నాయి. మరియమ్మ సిలువ వేసుకుంది. నాయనమ్మ, ఎదురుగా ఉన్నట్టే, డాక్టర్ ప్రభాకర్‌ను ఏడుతరాలదాకా తిట్టింది. నిజమో కాదో చూద్దామని చివరి కాగితం కోసం వెతికితే లేదు. సావిత్రి కథకు సమాప్తం ఉంది. మాలతి కథకు లేదు. సత్తి మళ్లీ గోడవైపు జరిగాడు. "సుల్తాన్ నోట్ల ఒక కాయితముండె," అన్నాడు సన్నగా. "గుంజుదామంటే మింగేసిండు."

అందరం సుల్తాన్ వైపు తిరిగాం. హంతకుడెవరో తెలిసిన ఏకైక ప్రాణి, కళ్లు సగం మూసి, తీరిగ్గా నెమరు వేస్తున్నాడు. ఆ రహస్యం వాడితోనే బక్రీద్ దాకా వెళ్లింది. ఆనాడు ఖాలా మా ఇంటికి పంపిన వాటాలో హంతకుడి పేరు ఎంత వచ్చిందో తెలియదు గాని, నాయనమ్మ ప్రతి ముక్కా చాలా ఆలోచిస్తూ నమిలింది. నా తీర్పే ఖాయమైంది. ఆ తర్వాత మా వాకిట్లో ఎవరికి జ్వరం వచ్చినా డాక్టరు దగ్గరికి ఒంటరిగా పంపేవాళ్లు కాదు.

పెద్ద పరీక్షలో అపరిచిత గద్యం వచ్చింది. ఒక కుమ్మరి, ఇద్దరు కొడుకులు, ఒక గాడిద. నల్లా విప్పుకోబోయింది. ఎక్కడినుంచో విజిల్ వినిపించింది. ఆగాను. జేబులోంచి గింజలు తీసి బల్లమీద పెట్టాను: కుమ్మరి, పెద్దోడు, చిన్నోడు, గాడిద. పర్యవేక్షణకు వచ్చిన సారు వెనకనుంచి వంగి చూసి అదిరిపడ్డాడు. "ఏయ్, పరీక్షల కూసోని పచ్చీసాడుతున్నవా?" అని గింజలన్నీ ఊడ్చి కిటికీలోంచి విసిరేశాడు. అప్పుడు ఇంకో విచిత్రం జరిగింది. గింజలు పోయాయి గాని గాడిద పోలేదు. కొడుకులిద్దరూ ఎక్కడున్నారో, ఎవరు ఎందుకు అలిగారో, నా తలలోనే, తెల్లపక్క పైకి, వరసగా కూర్చుని ఉన్నారు. నేను పాసయ్యాను. మేకు లేచిన బెంచి చివర ఏడాదంతా ఖాళీగా ఉంది, సత్తి నామీద అలిగి కూర్చున్నాడు.

ఆ వాకిలి ఇప్పుడు లేదు. అక్కడ మొబైల్ కవర్లు అమ్మే దుకాణాలు లేచాయి. నాయనమ్మ లేదు, బాపు లేడు, ఖాలా లేదు, మరియమ్మ దబ్బనం ఎవరి ఇంట్లో తుప్పు పడుతోందో తెలియదు. చివరికి చింతపండులో గింజ కూడా లేదు. ఆ రోజు బేగంబజార్‌లో దుకాణదారు నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. "గింజ తీసిందే ఉన్నదమ్మా, సాఫ్ మాల్. గింజలేం జేసుకుంటరు?" మా ఇంట్లో హత్య జరిగిందని చెప్పలేక, మూల ఊడ్చిపెట్టిన చెత్తలోంచి గుప్పెడు ఏరుకున్నాను. జనం చూశారు. చూడనీ.

ఇంటికి వచ్చి, బీరువాలోంచి మరియమ్మ మొదటి భాగంతో కలిపి మళ్లీ కుట్టిన మాలతి పుస్తకం తీశాను. కాగితాలు బెల్లం రంగుకు వచ్చాయి. ఇత్తడి విజిల్ నోట్లో పెట్టుకుని సహస్ర ఎదుట కూర్చున్నాను.

"అమ్మా, నువ్వు బాగానే ఉన్నావు కదా?" అంది.

ఒక విజిల్ అంటే ఆగు, రెండు అంటే పో అని చెప్పాను. మొదటి రోజు నేనెంత ఊదినా ఆగలేదు, పై ఫ్లాటువాళ్లు మాత్రం ఆగి, కిందికి వచ్చి అడిగి వెళ్లారు. గింజలు పెట్టడం సిగ్గన్నది. ఆదివారం నేను చూడనప్పుడు పెట్టింది. తర్వాత నేను చూస్తున్నా పెట్టింది. నిన్న సాయంత్రం చివరి కాగితం దగ్గరికి వచ్చాం. గొళ్లెం తీసింది, తలుపు తెరిచింది, నవ్వింది. నేను విజిల్ పళ్లమధ్య బిగించి, ఎప్పుడు ఒకటి కొట్టాలా, ఎప్పుడు నా ఘనవిజయం చెప్పాలా అని ఊపిరి పట్టి కూర్చున్నాను. "ఇంత ఆలస్యమా? అన్నం చల్లారి..."

ఆగింది. నేను కొట్టలేదు. తనే ఆగింది.

"హంతకుడు మొగుడే కదా!" అన్నాను, ఉండబట్టలేక.

సహస్ర నావైపు చూడలేదు. నేలమీద డాక్టరు గింజను వేలితో అటూ ఇటూ తిప్పింది. "కాదమ్మా. డాక్టర్ రాత్రి అన్నం తినడు. మొదట్లోనే ఉంది. రెండు పుల్కాలు."

నలభై ఏళ్లు! నలభై ఏళ్లుగా ఒక నిరపరాధిని, అదీ పెళ్లాం పోయిన మనిషిని, షుగరు రోగిని, హంతకుడని నమ్ముతూ వచ్చాను. ఆ పుల్కాల మీద సుత్తె ఎత్తి వెక్కిరించిన నాయనమ్మకైనా గుర్తు రాలేదు!

"మరి అన్నం ఎవరికే?" అన్నాను.

"తెలీదు. ఉండు, మాట్లాడకు." అని, పుస్తకాన్ని వెనక్కి, మొదటి కుట్టుదాకా తిప్పుకుంది. ఆ పాత కాగితాల్లోంచి సన్నగా చింతపండు వాసన లేచింది. నేను విజిల్ నోట్లో సరిచేసుకుని, వాకిట్లో లేనివాళ్లందరి తరఫునా రెండుసార్లు ఊదాను.